కాలేజీ బాస్కెట్‌బాల్‌లో షాట్ నాణ్యత: లెక్క ఎలా కట్టాలి, ఎక్కడ నమ్మాలి

2011 ఏప్రిల్ 4న హ్యూస్టన్‌లో జరిగిన అమెరికా కాలేజీ పురుషుల బాస్కెట్‌బాల్ ఫైనల్లో బట్లర్ జట్టు 64 షాట్లు వేస్తే 12 పడ్డాయి. అంటే 18.8 శాతం. ఏ ఫైనల్లోనూ ఏ జట్టూ అంత తక్కువకు పడిపోలేదు. కనెటికట్ 53-41తో ట్రోఫీ ఎగరేసుకుపోయింది. ఆ ఆట గురించి రెండు మాటలు వినిపిస్తుంటాయి. పాపం, బట్లర్‌కి ఆ రాత్రి బంతి పడలేదని ఒకటి. కనెటికట్ డిఫెన్స్ వాళ్లను ఊపిరి పీల్చుకోనివ్వలేదని ఇంకొకటి. ఏది ఎంత నిజమో తేల్చడానికి పెద్ద మోడల్ అక్కర్లేదు, ఆ 64 షాట్లను రెండుగా విడగొడితే చాలు.

బట్లర్ 3 పాయింట్ల షాట్లు 33 వేసింది, 9 పడ్డాయి. కాలేజీ సగటు 34 శాతం అనుకుంటే 11 పడాలి. రెండు తక్కువ, అంటే ఆరేడు పాయింట్ల నష్టం. 33 ప్రయత్నాల మీద ప్రామాణిక విచలనం (సగటు చుట్టూ మామూలుగా వచ్చే ఊగిసలాట) 2.7 దాకా ఉంటుంది కాబట్టి ఇలాంటి లోటు ఏ రాత్రైనా, ఏ జట్టుకైనా రావచ్చు. ఇక 2 పాయింట్ల షాట్లు చూడండి: 31 వేస్తే 3 పడ్డాయి. 48 శాతం పడతాయనుకుంటే 15 దాకా పడాలి. లోటు 12 షాట్లు, 24 పాయింట్లు. సగటు కంటే నాలుగు ప్రామాణిక విచలనాలు కింద ఉన్న సంఖ్య ఇది. దురదృష్టం ఒక్కటే ఒక జట్టును అంత లోతుకు లాగలేదు. కనెటికట్ ఆ రాత్రి 10 షాట్లు బ్లాక్ చేసిందని గుర్తుచేసుకుంటే సంగతి తెలుస్తుంది. బట్లర్ దగ్గరి నుంచి వేసినవి మామూలు 2 పాయింట్ల షాట్లు కావు, పొడుగు చేతుల మధ్యలోంచి, మీదుగా వేసినవి.

షాట్ నాణ్యత లెక్క అంతా ఇలా విడగొట్టడమే. పడిన శాతంలో షాట్ వేసిన చోటు వాటా ఎంత, వేసినవాడి వాటా ఎంత, అడ్డుకున్నవాడి వాటా ఎంత, ఆ పూట అదృష్టం వాటా ఎంత? క్రికెట్ చూసేవాళ్లకు ఇది కొత్త కాదు. బ్యాట్ అంచుకు తగిలి స్లిప్ పక్కనుంచి జారిన ఫోరూ, కవర్స్ మధ్యలోంచి కొట్టిన ఫోరూ స్కోరుబోర్డు మీద ఒకటే. సెలెక్టర్ మాత్రం రెండింటినీ ఒకేలా చూడడు.

కాలేజీ ఆటలో ఈ నాలుగు వాటాలనూ కలిపి ఒకే సంఖ్యగా చూపించే పద్ధతి మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. షాట్లు ఎక్కడి నుంచి వచ్చాయన్న లెక్క నమ్మదగినది. డిఫెన్స్ మీద పడిన 3ల (3 పాయింట్ల షాట్ల) శాతం దాదాపు నమ్మకూడనిది. రిమ్ (బాస్కెట్ ఇనుప చుట్టు) దగ్గర డిఫెన్స్ చేసే పని చాలా పెద్దది, కానీ చౌకగా దొరికే డేటాలో అది కనిపించదు. వీటిని ఒకే గిన్నెలో కలిపేసి "ఈ ఆట నిజానికి ఫలానా జట్టు గెలవాల్సింది" అని తీర్పు చెప్పడం ఆ లెక్కకే అన్యాయం చేయడం. షాట్ నాణ్యత లెక్కను రేపటి ఆట అంచనా వేయడానికి వాడాలి.

కొలమానం నుంచి మొదలుపెడదాం

షాట్ విలువ అంటే పడే సంభావ్యతను పాయింట్లతో గుణించడం. కాలేజీ ఆటలో పై స్థాయి అయిన డివిజన్ 1లో పురుషుల రిమ్ దగ్గరి షాట్లు సుమారు 60 శాతం పడతాయి. 1.2 పాయింట్లు. రిమ్‌కూ 3 పాయింట్ల గీతకూ నడుమ వేసే జంపర్లు (ఎగిరి వేసే షాట్లు) 35 నుంచి 38 శాతం, అంటే ముప్పావు పాయింటు. గీత అవతలి నుంచి 34 శాతం, 1.02. ఎఫెక్టివ్ ఫీల్డ్‌గోల్ శాతమూ ఈ ఆలోచనే: పడిన షాట్లకు పడిన 3ల్లో సగం కలిపి, మొత్తం ప్రయత్నాలతో భాగించడం.

ఇక్కడే మొదటి పొరపాటు దొర్లుతుంది. షాట్ వేస్తూ ఫౌల్ తగిలి, బంతి పడకపోతే ఆ షాట్ ప్రయత్నంగా లెక్కలోకే రాదు. ఆటగాడు ఫ్రీత్రో గీత దగ్గరికి వెళ్లి, ఎవరూ అడ్డుకోకుండా రెండు ఫ్రీత్రోలు వేస్తాడు. 71, 72 శాతం చొప్పున వాటి విలువ 1.43 పాయింట్లు, సగటు లేఅప్ (రిమ్ పక్కనుంచి వదిలే షాట్) కంటే ఎక్కువ. ఫౌల్స్ ఎక్కువగా వచ్చేది రిమ్ దగ్గరే. కాబట్టి ఫ్రీత్రోలను వదిలేసిన ఏ షాట్ పటమైనా రిమ్ విలువను తక్కువ చేసి చూపిస్తుంది. లోపలికి దూసుకెళ్లే జట్టుకు అన్యాయం, బయట నిలబడి వేసే జట్టుకు లాభం.

అందుకని షాట్ ప్రయత్నాలకు షూటింగ్ ఫౌల్స్‌ను కలిపి ఒకే యూనిట్‌గా పెట్టుకోవాలి. చెప్పినంత తేలిక కాదు. పురుషుల ఆటలో ఒక అర్ధభాగంలో ప్రత్యర్థికి 7వ టీమ్ ఫౌల్ పడగానే వన్-అండ్-వన్ (మొదటి ఫ్రీత్రో పడితేనే రెండోది), 10వ ఫౌల్ నుంచి నేరుగా రెండు ఫ్రీత్రోలు. ఆ తర్వాత రెండు ఫ్రీత్రోలు కనిపించాయంటే అది షూటింగ్ ఫౌల్ కావచ్చు, మధ్య కోర్టులో చెయ్యి తగిలిన ఫౌల్ కూడా కావచ్చు. ప్లే-బై-ప్లేలో (ఆటలోని ప్రతి సంఘటననూ వరసగా రాసే పట్టికలో) ఫౌల్ రకం రాయని ఆటల్లో ప్రతి అర్ధభాగానికీ టీమ్ ఫౌల్స్ లెక్క మీరే నడిపించుకోవాలి. 10 దాటాక వచ్చిన రెండు ఫ్రీత్రోల జంటలను, 10 దాటకముందు కనిపించిన షూటింగ్ ఫౌల్ రేటును బట్టి పంచుకోవాలి. చివరి రెండు నిమిషాల్లో వెనకబడ్డ జట్టు కావాలని చేసే ఫౌల్స్‌ను పూర్తిగా తీసేయాలి. తీయకపోతే గెలుస్తున్న జట్టు ప్రతిసారీ గొప్పగా రిమ్ మీద దాడి చేసినట్టు కనిపిస్తుంది. మహిళల ఆటలో 2015-16 నుంచి నాలుగు క్వార్టర్లు, క్వార్టర్‌కు 5వ ఫౌల్ నుంచి రెండు ఫ్రీత్రోలు. పురుషుల కోడ్‌ను అలాగే తెచ్చి నడిపిస్తే ఎర్రర్ ఏమీ రాదు, తప్పు జవాబు మాత్రం వస్తుంది.

టేబుల్ దగ్గర కూర్చున్న మనిషి

అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో 2013-14 నుంచి ప్రతి అరీనా కప్పులోనూ కెమెరాలు ఉన్నాయి. షాట్ వేసినప్పుడు డిఫెండర్ ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాడో, ఎంత వేగంతో మీదికి వస్తున్నాడో సెకనుకు పాతిక సార్లు నమోదయ్యేది. కాలేజీలో డివిజన్ 1 జట్లే 360 దాకా ఉన్నాయి. అన్ని జిమ్ముల్లో ఆ ఏర్పాటు లేదు. వీడియో చూసి ప్రతి ఆటనూ ట్యాగ్ చేసే సినర్జీ లాంటి సేవలు ఉన్నాయి, కోచ్‌లు వాటికి డబ్బు కడతారు. బయట ఉండి లెక్క కట్టేవాళ్లకు చౌకగా దొరికేది ప్లే-బై-ప్లే ఒక్కటే. అది కోర్టు పక్కన టేబుల్ దగ్గర కూర్చున్న మనిషి, ఆట నడుస్తుండగా, టైప్ చేసి నింపేది.

ఆ మనిషి పని ఎంత కష్టమో ఒక్క క్షణం ఆలోచించండి. షాట్ పడిందో లేదో, ఎవరు వేశారో, రీబౌండ్ (పడని షాట్ బంతిని పట్టుకోవడం) ఎవరిదో, అసిస్ట్ (షాట్‌కు దారితీసిన పాస్) ఉందో లేదో రాస్తూనే స్క్రీన్ మీద కోర్టు బొమ్మలో షాట్ వేసిన చోట నొక్కాలి. అప్పటికి అవతలి జట్టు బంతి పట్టుకుని పరిగెడుతూ ఉంటుంది. రెండు మూడు అడుగుల తేడా రావడం సహజం. 20 అడుగుల దగ్గర ఆ తేడా పెద్ద నష్టం చేయదు. 4 అడుగుల దగ్గర అది లేఅప్‌ను ఫ్లోటర్‌గా (కాస్త దూరం నుంచి పైకి తేలేసే షాట్‌గా) మార్చేస్తుంది.

అంతకంటే ప్రమాదకరమైనవి ఫలితం తెలిశాక పడే గుర్తులు. అసిస్ట్ అనేది షాట్ పడితేనే రాస్తారు. "పాస్ అందుకుని వేసిన షాట్లు ఎక్కువ పడతాయి" అనుకుని అసిస్ట్ గడిని మోడల్లోకి ఎక్కిస్తే, అసిస్ట్ ఉన్న ప్రతి షాటూ 100 శాతం పడుతుందని మోడల్ నేర్చుకుంటుంది. జవాబును ప్రశ్నలోనే రాసి ఇచ్చినట్టే. డంక్ (బంతిని చేత్తో రిమ్‌లోకి కుక్కడం) గుర్తుదీ ఇలాంటి చిక్కే. డంక్‌కు ఎగిరి, డిఫెండర్ చెయ్యి తగిలి, బంతి రిమ్‌కు తాకి బయటికి వస్తే కొందరు దాన్ని లేఅప్‌గా రాస్తారు. టిప్-ఇన్ (రిమ్ దగ్గర గాల్లోని బంతిని లోపలికి తట్టడం) పడకపోతే అది షాటో రీబౌండ్ కోసం తట్టిన బంతో ఒక్కొక్కరికి ఒక్కో రకంగా కనిపిస్తుంది. ఫాస్ట్‌బ్రేక్ లాంటి ట్యాగులు కొన్ని చోట్ల పడిన షాట్లకే తగిలిస్తారు. అందుకే డంక్, లేఅప్, టిప్ మూడింటినీ కలిపి రిమ్ షాట్ అనే ఒకే గడిగా పెట్టడం మేలు. ఫాస్ట్‌బ్రేక్ ట్యాగును పక్కన పడేసి, ముందు సంఘటన ఏమిటి (స్టీల్ అంటే బంతి లాక్కోవడం, డిఫెన్సివ్ రీబౌండ్, ప్రత్యర్థి బాస్కెట్), దాని తర్వాత ఎన్ని సెకన్లకు షాట్ వచ్చింది అన్నదాన్ని బట్టి మీరే లెక్కగట్టుకోవాలి. ఏ గడిని మోడల్లో పెట్టే ముందైనా పడిన షాట్లలో, పడని షాట్లలో అది ఖాళీగా ఉన్న శాతాలు పోల్చండి. రెండూ బాగా వేరుగా ఉంటే ఆ గడిని వాడొద్దు.

ఇక అరీనాల మధ్య తేడా. ఒక చోట పరిగెడుతూ 5 అడుగుల నుంచి వేసిన షాట్‌ను లేఅప్ అంటారు, ఇంకో చోట జంపర్ అంటారు. ఒక జట్టు సొంతగడ్డ మీద ఆడే ఆటలు సుమారు 15. ఇరుజట్లూ కలిపి ఆటకు 75 దాకా 2 పాయింట్ల షాట్లు వేస్తాయి. అంటే సీజన్‌కు 1,100 పైచిలుకు. అందులో లేఅప్‌గా రాసినవి 45 శాతం అనుకుంటే యాదృచ్ఛికంగా వచ్చే ఊగిసలాట 1.5 శాతం పాయింట్లే. కాబట్టి అదే జట్టు బయట ఆడిన ఆటలతో పోలిస్తే 6 పాయింట్ల తేడా కనిపించినప్పుడు అది రాసే చేతి తేడా అని అనుమానించాలి. సొంత జట్టు ఇంట్లో నిజంగానే లోపలికి ఎక్కువ వెళుతుండవచ్చు కాబట్టి అతిథి జట్ల లెక్కను కూడా తప్పక చూడాలి. వచ్చిన 15 జట్లూ తమ మామూలు కంటే ఎక్కువ లేఅప్‌లు వేసినట్టు రాసి ఉంటే అనుమానం బలపడుతుంది. జట్టు, ప్రత్యర్థి, అరీనా మూడింటికీ విడి విడి ప్రభావాలు పెట్టిన మిక్స్‌డ్ మోడల్ ఈ పని చేస్తుంది. అరీనా ప్రభావాన్ని సున్నా వైపు కొంత కుదించడం మరచిపోకూడదు.

ఈ దిద్దుబాటు లేకుండా తయారైన "రిమ్ దగ్గర అతి తక్కువ షాట్లు ఇచ్చిన డిఫెన్స్‌లు" అనే పట్టికలో పైన ఉన్నవాటిలో కొన్ని, లేఅప్ అనే మాటను పొదుపుగా వాడే స్కోరర్లు ఉన్న జట్లు మాత్రమే.

గీత జరిగింది, డేటా జరగలేదు

కాలేజీ 3 పాయింట్ల గీత 1986-87లో దేశమంతటా 19 అడుగుల 9 అంగుళాల దగ్గర మొదలైంది. పురుషులకు 2008-09లో ఒక అడుగు వెనక్కి జరిగింది. 2019-20లో అంతర్జాతీయ దూరమైన 22 అడుగుల 1¾ అంగుళాలకు వెళ్లింది, మహిళలకు అదే దూరం 2021-22 నుంచి వచ్చింది. అంటే 2018-19లో 21 అడుగుల నుంచి వేసిన షాట్‌కు 3 పాయింట్లు, మరుసటి ఏడు అదే చోటి నుంచి 2. సీజన్ గుర్తు లేకుండా పదేళ్ల డేటాను కలిపి శిక్షణ ఇస్తే మోడల్ ఈ రెండింటినీ ఒకే షాట్ అనుకుంటుంది. అసలు మారింది దూరం ఒక్కటే కాదు, ఎవరు వేస్తున్నారు అన్నది కూడా. పాత గీత దగ్గర వేసే ఓ మోస్తరు షూటర్లు కొత్త గీత దగ్గర తగ్గించుకున్నారు. పాత సీజన్లను దూరానికి పడే శాతం ఎలా తగ్గుతుందో తెలుసుకోవడానికి వాడండి, విలువలు మాత్రం కొత్త సీజన్ల నుంచే తీసుకోండి.

ఎన్‌బీఏ నుంచి కాలేజీకి గుడ్డిగా తెచ్చుకున్న నమ్మకం ఒకటుంది: మూల నుంచి వేసే 3 బంగారం అని. ఎన్‌బీఏలో గీత పైభాగాన 23 అడుగుల 9 అంగుళాలు, మూలల్లో 22 అడుగులు. 21 అంగుళాలు దగ్గర, అయినా అవే 3 పాయింట్లు. కాలేజీ కోర్టు వెడల్పు కూడా 50 అడుగులే. అక్కడ మూలలో దూరం 21 అడుగుల 7⅞ అంగుళాలు, పైభాగంతో తేడా ఆరు అంగుళాలే. కాబట్టి కాలేజీలో మూల షాట్‌కు దూరం వల్ల కలిసొచ్చేది నామమాత్రం. ఇంకా మిగిలే లాభం ఏదైనా ఉంటే అది ఆ షాట్ పుట్టే తీరులో ఉంది. మూలలో నిలబడ్డవాడు డ్రిబుల్ చేసి వేయడు. డ్రైవ్‌కు డిఫెన్స్ లోపలికి కుంగినప్పుడు వచ్చిన పాస్ అందుకుని, ఖాళీగా వేస్తాడు. మోడల్ ఆ ఖాళీని చూడలేదు కాబట్టి ఆ పుణ్యమంతా మూలకు కట్టబెడుతుంది. దాన్ని చదివిన కోచ్ ఇద్దరిని మూలల్లో నిలబెట్టినంత మాత్రాన షాట్లు మెరుగుపడవు. ముందు డ్రైవ్ చేసేవాడు కావాలి.

మోడల్ గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. దూరం, కోణం, 2 పాయింట్లా 3 పాయింట్లా, పొసెషన్ (ఒక జట్టు చేతిలో బంతి ఉండే వంతు) మొదలై ఎన్ని సెకన్లు, దాని ముందు సంఘటన, స్కోరు తేడా: వీటితో లాజిస్టిక్ రిగ్రెషన్ (పడే సంభావ్యతను చెప్పే సాదా గణిత పద్ధతి) మొదట కట్టండి. గ్రేడియంట్ బూస్టింగ్ అనే మరింత సంక్లిష్టమైన పద్ధతి దాని మీద కొంచెమే మెరుగవుతుంది. పరీక్షకు షాట్లను యాదృచ్ఛికంగా పంచొద్దు, ఒకే ఆటలోని షాట్లు రెండు వైపులా పడి మోడల్‌ను అసలు కంటే మంచిగా చూపిస్తాయి. పాత సీజన్ల మీద నేర్పి, తర్వాతి సీజన్ మీద పరీక్షించండి. అన్ని షాట్లకూ సగటు 44 శాతమే చెప్పే మొద్దు మోడల్‌కు బ్రయర్ స్కోరు (అంచనాకూ ఫలితానికీ ఉన్న తేడా వర్గాల సగటు, ఎంత తక్కువైతే అంత మేలు) 0.246 వస్తుంది. మీ మోడల్ దాన్ని కొద్దిగా మాత్రమే తగ్గిస్తుంది, అందుకు నిరుత్సాహపడనక్కర్లేదు. ఒక్కో షాట్ ఫలితం ఎప్పుడూ నాణెం విసిరినంత అనిశ్చితంగానే ఉంటుంది, లాభమంతా వందల షాట్లు కూడినప్పుడే. క్యాలిబ్రేషన్ మాత్రం పట్టుగా చూడండి: అంచనాలను పది గుంపులు చేసి, ప్రతి గుంపులో చెప్పిన శాతమూ పడిన శాతమూ పోల్చండి. తర్వాత అదే పరీక్ష చిన్న కాన్ఫరెన్సులకూ (జట్లు కలిసి ఆడే లీగులకూ) పెద్ద కాన్ఫరెన్సులకూ విడిగా చేయండి. డేటా సైన్స్ చదవడానికి అమెరికా వెళ్లే తెలుగు విద్యార్థులు ఎవరైనా ప్రాజెక్టు కోసం వెతుకుతుంటే ఇంతకంటే మంచి అంశం దొరకడం కష్టం. ఇందులో మోడల్ కంటే డేటా శుభ్రత కష్టం, ఉద్యోగంలోనూ అంతే.

వేసినవాడు ఎవరు

సగటు షూటర్ వేస్తే ఎంత, ఈ షూటర్ వేస్తే ఎంత అనే రెండు సంఖ్యలను విడిగా ఉంచాలి. మొదటిది జట్టు సృష్టించిన అవకాశాన్ని కొలుస్తుంది, రెండోది ముందు ముందు ఎన్ని పాయింట్లు వస్తాయో చెబుతుంది.

ఒక ఆటగాడు 100 ప్రయత్నాల్లో 45 మూడులు కొట్టాడనుకుందాం. వాడు 45 శాతం షూటరా? 100 ప్రయత్నాల మీద ప్రామాణిక విచలనం 5 శాతం పాయింట్లకు దగ్గర. కాబట్టి సగటు వైపు కుదించాలి. ఎంత కుదించాలో ఊహతో పెట్టకూడదు. సగటు 34 శాతమైతే 0.34 × 0.66 = 0.2244. ఆటగాళ్ల అసలు నైపుణ్యంలో విచలనం 3.5 శాతం పాయింట్లు అనుకుంటే దాని వర్గం 0.001225. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 183. అంటే ప్రతి ఆటగాడి ఖాతాలో 34 శాతంతో వేసిన 183 ఊహాత్మక షాట్లు ముందే జమ చేయాలి. 45 కి 62.2 కలిపి 283తో భాగిస్తే 37.9 శాతం. మంచి షూటరే, 45 మాత్రం కాదు. అసలు నైపుణ్యపు విచలనం మీ డేటాలో ఎంతో మీరే లెక్క కట్టుకోవాలి. అది మారితే 183 కూడా మారుతుంది. ఫ్రెష్‌మన్‌కు (మొదటి ఏడాది ఆటగాడికి) 100 షాట్లు కూడా ఉండవు. అప్పుడు వాడి ఫ్రీత్రో శాతం బాగా ఉపయోగపడుతుంది. 85 శాతం ఫ్రీత్రోలు వేసేవాడినీ 60 శాతం వేసేవాడినీ ఒకే సగటు వైపు లాగడం సమాచారాన్ని పారేసుకోవడమే.

ఈ రెండు సంఖ్యలు ఎంత దూరం జరగగలవో ఐయోవా కాలేజీకి ఆడిన కైట్లిన్ క్లార్క్ చూపించింది. 2024 ఫిబ్రవరి 15న మిషిగన్ మీద, మహిళల డివిజన్ 1 స్కోరింగ్ రికార్డును ఆమె దాటింది కోర్టు మధ్యలోని లోగో దగ్గరి నుంచి వేసిన 3తో. ఆ రాత్రి 49 పాయింట్లు చేసింది. దూరం చూసే మోడల్‌కు ఆ షాట్ చెత్త. ఆ సీజన్‌లో ఆమె 3ల శాతం 38కి దగ్గర, అలాంటి దూరపు షాట్లన్నీ కలుపుకుని. అంటే షాట్‌కు 1.14 పాయింట్లు. పర్డ్యూకు ఆడిన 7 అడుగుల 4 అంగుళాల జాక్ ఈడీది ఇంకో రకం. పోస్టులో (రిమ్‌కు దగ్గర్లో) డిఫెండర్‌కు వీపు పెట్టి వేసే షాట్ సగటున లాభసాటి కాదని లెక్కలన్నీ చెబుతాయి. ఈడీ 2023-24లో తన షాట్లలో 62 శాతం వేశాడు. సగటు మీద నిలిచిన సూత్రాన్ని ఇలాంటి ఆటగాడి మీద రుద్దితే జట్టుకే నష్టం.

డిఫెన్స్ ఖాతాలో ఏది వేయాలి

నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఈ భాగం. ఎక్కువ మంది తప్పుతున్నది కూడా ఇక్కడే.

ఒక జట్టు సీజన్ మొత్తం మీద ప్రత్యర్థుల నుంచి 700 దాకా 3లు ఎదుర్కొంటుంది. 34 శాతం మీద 700 ప్రయత్నాలకు ప్రామాణిక విచలనం 1.8 శాతం పాయింట్లు. 360 జట్ల డిఫెన్స్ అచ్చంగా ఒకేలా ఉన్నా, కేవలం అదృష్టంతోనే నాలుగైదు జట్లు 30 శాతం దగ్గర, ఇంకో నాలుగైదు 38 దగ్గర తేలతాయి. ఆ 30 శాతం జట్టు కోచ్‌ను "చుట్టుకొలతను అద్భుతంగా కాపాడుతున్నాడు" అని టీవీలో పొగుడుతారు. మరుసటి నెలలో అదే జట్టు మీద 3లు పడితే క్రమశిక్షణ పోయిందంటారు. కాలేజీ బాస్కెట్‌బాల్ గణాంకాల విశ్లేషకుడు కెన్ పొమెరాయ్ చాలా ఏళ్ల కిందటే చెప్పినది ఇదే: ప్రత్యర్థి 3ల శాతం మీద డిఫెన్స్‌కు పట్టు చాలా తక్కువ. ఎన్ని 3లు వేయనిస్తుందన్నదాని మీద పట్టు గట్టిగా ఉంటుంది. నమ్మకం కుదరకపోతే మీరే చూడండి. సీజన్ మొదటి సగంలోని అంకెను రెండో సగంలోని అంకెతో పోల్చి, ఏది నిలబడుతుందో, ఏది గాలికి కొట్టుకుపోతుందో గమనించండి.

2018 మార్చి 16న షార్లెట్‌లో వర్జీనియాకు జరిగింది చూడండి. టోర్నమెంటు మొత్తానికీ నంబర్ 1 సీడ్, దేశంలోకెల్లా గట్టి డిఫెన్స్. 16వ సీడ్ యూఎంబీసీ చేతిలో 74-54తో ఓడింది, పురుషుల టోర్నమెంటులో 1వ సీడ్ అలా ఓడడం అదే మొదలు. యూఎంబీసీ 24 మూడులకు 12 కొట్టింది, వర్జీనియా 22కి 4. సగటు 34 శాతంతో 24కి 12 లేదా అంతకంటే ఎక్కువ పడే అవకాశం 7.8 శాతం. 22కి 4 లేదా అంతకంటే తక్కువ పడే అవకాశం 8.6 శాతం. రెండూ ఒకే రాత్రి జరగడం దాదాపు 150 ఆటలకోసారి. డివిజన్ 1లో ఏటా 5,000కు పైగా ఆటలు జరుగుతాయి. అంటే ఒక జట్టుకు 3లు అలా పడి, ఎదుటి జట్టుకు అలా పడకపోవడం ప్రతి సీజన్లో పదుల సార్లు జరిగే సంగతే. ఇక్కడ ప్రతి షాటూ సమానమేనని, ఒకదాని మీద ఒకటి ఆధారపడదని అనుకున్నాం, అసలు ఆట అంత శుభ్రంగా ఉండదు. అయినా కొలబద్దగా ఇది చాలు. వర్జీనియా డిఫెన్స్ ఒక్క రాత్రిలో చెడిపోలేదు. మరుసటి ఏడాది అదే కోచ్, అదే డిఫెన్స్ పద్ధతితో జాతీయ చాంపియన్ అయ్యింది.

రిమ్ దగ్గర కథ పూర్తిగా వేరు. 2024 మార్చి 30న ఇలినాయిస్ మీద కనెటికట్ ఒక్క పాయింటూ ఇవ్వకుండా వరసగా 30 పాయింట్లు చేసింది. స్కోరు 23-23 నుంచి 53-23 అయ్యింది. 7 అడుగుల 2 అంగుళాల డోనొవన్ క్లింగన్ అడ్డొచ్చిన 19 షాట్లలో ఇలినాయిస్ ఒక్కటీ వేయలేకపోయింది. చోటు మాత్రమే చూసే మోడల్ ఆ ఆటలో ఇలినాయిస్ లేఅప్‌లకు చెరో 1.2 పాయింట్ల విలువ కట్టి, "మంచి షాట్లే, పాపం పడలేదు" అంటుంది. అది అబద్ధం. క్లింగన్ చెయ్యి పైన ఉండగా వేసిన లేఅప్ అసలు లేఅప్పే కాదు. కాబట్టి డిఫెన్స్ లెక్కలో 3లకు సగటు శాతం వేసి, ప్రయత్నాల సంఖ్యను మాత్రమే దాని ఖాతాలో రాయాలి. రిమ్ షాట్లకు మాత్రం నిజంగా పడిన శాతాన్ని, తేలికపాటి కుదింపుతో, డిఫెన్స్ ఖాతాలోనే వేయాలి. బ్లాకుల రేటు ఇందులో బాగా సాయపడుతుంది. అది ప్లే-బై-ప్లేలో నేరుగా ఉంటుంది, త్వరగా స్థిరపడుతుంది. మధ్య దూరపు జంపర్లను ఈ రెండింటికీ నడుమ పెట్టండి.

ప్రత్యర్థుల బలానికి సవరణ కూడా తప్పదు. నవంబరులో పెద్ద జట్లు బలహీన జట్లను ఇంటికి పిలిచి ఆడతాయి, రిమ్ దగ్గర ఎవరూ ఎదురు నిలవరు. ఆ ఆటల్లో వచ్చిన షాట్ నాణ్యత కాన్ఫరెన్స్ ఆటల్లో మిగలదు కొన్నిసార్లు. స్కోరు ప్రభావం ఇంకోటి: 15 పాయింట్లు వెనకబడ్డ జట్టు తొందరపడి 3లు వేస్తుంది, ముందున్న జట్టు గడియారం నడిపిస్తుంది. "గెలవాల్సిన జట్టు" అనే తీర్పు ఈ రెండింటినీ మరిచిపోతుంది. ఆ 40 నిమిషాల్లో షాట్ల విలువ స్కోరును బట్టే మారుతూ వచ్చింది. మొదటి రెండు 3లు పడకపోయి ఉంటే తర్వాతి షాట్లు అవే వచ్చి ఉండేవి కావు.

సగటు విలువ, ఆ క్షణపు విలువ

అలబామా కోచ్ నేట్ ఓట్స్ పూర్వాశ్రమంలో హైస్కూల్లో లెక్కల టీచరు. రిమ్ దగ్గర వేయి, లేదంటే 3 వేయి, మధ్యలోది వదిలేయి అన్న పద్ధతిలో ఆడించి 2024లో ఆ జట్టును ఫైనల్ ఫోర్‌కు (సెమీఫైనల్స్‌కు) చేర్చాడు. ఈ పద్ధతి మొత్తంగా సరైనదే. అయితే చూసి నకలు కొట్టేవాళ్లు ఒక విషయం మరుస్తారు. 1.2, 1.02, 0.75 అన్నవి సగటు విలువలు. ఆటగాడి ముందున్న ప్రశ్న వేరు: ఇప్పుడు ఈ షాట్ వేయకపోతే ఈ పొసెషన్ ఇంకా ఎంత విలువ చేస్తుంది?

డివిజన్ 1లో ఒక పొసెషన్ సుమారు 1 పాయింటు చేస్తుంది. షాట్ క్లాక్ (షాట్ వేయడానికి ఇచ్చే 30 సెకన్ల గడియారం) మీద 22 సెకన్లుండగా 0.9 విలువైన షాట్ వేయడం తప్పు, వేచి ఉంటే అంతకంటే మంచిది దొరకవచ్చు. 3 సెకన్లుండగా 0.75 విలువైన ఎల్బో (ఫ్రీత్రో గీత కొస) జంపర్ వేయడం మంచి నిర్ణయం, ఎందుకంటే అప్పటికి మిగిలిన మార్గాలు అంతకంటే చౌక. అందుకే మధ్య దూరపు షాట్లను మొత్తంగా లెక్కపెట్టి జట్టును తిట్టకూడదు, గడియారం మొదటి సగంలో వేసినవాటిని విడిగా లెక్కపెట్టాలి. 1985 ఏప్రిల్ 1న జార్జ్‌టౌన్ మీద 66-64తో గెలిచిన విలనోవా ఆ ఫైనల్లో వేసింది 28 షాట్లే, 22 పడ్డాయి. అప్పుడు షాట్ క్లాక్ లేదు, నచ్చిన షాట్ వచ్చేదాకా బంతి తిప్పుకోవచ్చు. 60 శాతం పడేంత మంచి షాట్లే ఏరుకున్నారనుకున్నా 17 పడాలి. 22 అంటే దాని మీద ఇంకో రెండు ప్రామాణిక విచలనాలు. ఎంపికా ఉంది, అదృష్టమూ ఉంది. మరుసటి సీజన్లోనే 45 సెకన్ల గడియారం వచ్చింది, 1993-94లో 35 అయ్యింది, 2015-16 నుంచి 30.

ఆ గడియారం ప్లే-బై-ప్లేలో రాయరు. పొసెషన్ మొదలైన సమయం నుంచి మీరే తీసుకోవాలి, అక్కడ కొన్ని గుంటలున్నాయి. పురుషుల ఆటలో 2019-20 నుంచి, బంతి రిమ్‌కు తగిలి ఆఫెన్సివ్ రీబౌండ్ వస్తే గడియారం 20కి వస్తుంది, 30కి కాదు. రిమ్‌కు తగలని ఎయిర్‌బాల్‌ను సొంత జట్టే పట్టుకుంటే గడియారం అసలు మారదు, కానీ ప్లే-బై-ప్లేలో అది కూడా ఆఫెన్సివ్ రీబౌండ్‌గానే కనిపిస్తుంది. బాస్కెట్ పడిన సమయాన్ని టైప్ చేయడంలో రెండు మూడు సెకన్ల ఆలస్యం ఉంటుంది. కాబట్టి గడియారాన్ని సెకను సెకనుగా మోడల్లో పెట్టకండి. మొదటి 8 సెకన్లు, మధ్య భాగం, చివరి 6 సెకన్లు అని మూడు ముక్కలు చేయండి. లెక్కలో 30 దాటిన పొసెషన్లు కనిపిస్తే వాటిని తీసేసే ముందు ఒక్కొక్కటీ తెరిచి చూడండి. చాలావాటిలో ఎవరో ఒక రీబౌండో, బయటికి పోయిన బంతో రాయడం మరిచిపోయి ఉంటారు. ఒకే అరీనా నుంచి అవి గుంపుగా వస్తుంటే ఆ అరీనా షాట్ స్థానాలను కూడా మళ్లీ సరిచూసుకోండి.